చెల్లెలి వాటా తెల్లకాగితం మీద పోతే అన్న భూమీ నిలవదు

భూమి అడగడం మనకి కొత్త కాదు. బంజర్లు పంచమన్నాం. 1973 భూసంస్కరణల చట్టం కింద తేలిన మిగులు భూమి ఎవరి చేతుల్లో ఉందని నిలదీశాం. డి-పట్టా ఇచ్చి హద్దులు చూపించని అధికారుల్ని ఆఫీసు గుమ్మం దగ్గరే అడ్డుకున్నాం. భూస్వామి ముందు గొంతు పెగల్చుకుని మాట్లాడటం నేర్చుకున్నాం. కాని మన ఇంట్లో ఉన్న ఆ అరెకరంలో మన అక్కచెల్లెలి వాటా ఎక్కడుందని ఎవరైనా అడిగితే మాత్రం మన నోళ్లు మూతపడిపోతాయి. "ఆడగుంటకి పెళ్లి సేసి పంపేశాం. ఇంకా ఏటి వాటా?" అంటాం. ఈ మాట మనం ఎవరి దగ్గర నేర్చుకున్నాం? మనల్ని ఊరి బయట పెట్టినవాళ్ల శాస్త్రం నుంచి కాదా?

ఈసారి ఈ సంగతి మాట్లాడుకోక తప్పదు. అనకాపల్లి చుట్టుపక్కల భూమి ఇప్పుడు మునుపటి భూమి కాదు. చెరకు, గానుగ, బెల్లం దిమ్మల లెక్క పోయింది. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా అయింది. అచ్యుతాపురం, రాంబిల్లి వైపు ప్రత్యేక ఆర్థిక మండలికి భూములు పోయాయి. నక్కపల్లి వైపు ఫ్యాక్టరీల మాట, సబ్బవరం వైపు పెద్ద రోడ్ల మాట. మెట్ట భూమికి సెంటు లెక్కన ధర కట్టే రోజులొచ్చాయి. నిన్నటిదాకా మన పేట వైపు చూడని బ్రోకర్లు ఇవాళ మన అరుగుల మీద కూర్చుని టీ తాగుతున్నారు. వాళ్లకి మన ఆస్తి కాగితాల్లో ఎక్కడ చిల్లు ఉందో మనకంటే బాగా తెలుసు. ఆ చిల్లు చాలా ఇళ్లల్లో ఒకటే. ఆడపిల్ల వాటా.

ఇతరులకి చెప్పేముందు మా ఇంటి సంగతే చెప్పుకోవాలి. ఊరి పేరెందుకు, అన్ని పేటలదీ అదే కథ. మా నాన్న కూలి చేసి, గానుగల దగ్గర బెల్లం వండి 80 సెంట్ల మెట్ట కొన్నాడు. మా అక్క బడి మొహం చూసింది రెండేళ్లే. తర్వాత అమ్మతో పాటు చెరకు నరకడానికి వెళ్లింది. ఆ కూలి డబ్బులతోనే మేము కాలేజీ గడప తొక్కాం. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటి మనిషిమి మేమే. ఆ డిగ్రీలో సగం మా అక్కది.

నాన్న పోయిన నెలకి తగువు పెద్దలు కూర్చున్నారు. పసుపు కుంకుమ కింద అక్కకి ఒక చీర, 5 వేల రూపాయలు ఇప్పించారు. "పుట్టింటి ఆస్తిలో నాకు ఎలాంటి హక్కూ లేదు" అని స్టాంపు కాగితం మీద రాయించి వేలిముద్ర వేయించారు. ఆ కాగితం రాసింది ఎవరో కాదు. బడిపంతులు కదా, చేతిరాత బాగుంటుందని మా చేతే రాయించారు. మేము రాశాం. ఏం రాశామో అక్కకి చదివి వినిపించలేదు.

పదేళ్లు గడిచాక ఊరి పక్కన రోడ్డు వెడల్పయింది. అన్నయ్య తన భాగం అమ్ముదామనుకున్నాడు. కొనేవాడి తరఫు వకీలు మా కాగితం చూసి పక్కన పెట్టేశాడు. "ఇది రిజిస్టరు కాలేదు, పనికిరాదు. మీ అక్కగారు వచ్చి సంతకం పెట్టాలి" అన్నాడు. అప్పుడు వెళ్లాం అక్క దగ్గరికి. అక్క తిట్టలేదు. "ఆ రోజు సదవడం రాక ఏలిముద్ర ఏశాను తమ్ముడూ. ఇప్పుడు నా కూతురు సదివి సెప్పింది, అందులో నువ్వు ఏటి రాశావో" అంది. అంతే. ఊరూరా మీటింగుల్లో సమానత్వం మీద మాట్లాడిన మా నోట మాట రాలేదు.

కాబట్టి ముందు వాటా అంటే ఏమిటో తెలుసుకుందాం. వాటా దయ కాదు, పసుపు కుంకుమ కాదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం తండ్రి వీలునామా రాయకుండా పోతే, ఆయన స్వార్జితం కొడుకులకి, కూతుళ్లకి, భార్యకి, బతికుంటే ఆయన తల్లికి కూడా సమానంగా వస్తుంది. తల్లి సంగతి అందరూ మర్చిపోతారు. చట్టం మర్చిపోలేదు. తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో మాత్రం పుట్టుకతో వచ్చే హక్కుని ఆ చట్టం మగపిల్లలకే ఉంచేసింది. అంబేద్కర్ న్యాయమంత్రిగా హిందూ కోడ్ బిల్లులో ఆడపిల్లకి ఆస్తి హక్కు కోసం పట్టుబట్టారు. ఆ బిల్లుని నీరుగార్చినందుకే 1951లో మంత్రి పదవి వదిలేశారు. ఆ సంగతి ఏప్రిల్ 14న దండ వేసే మగాళ్లకి గుర్తుండాలి.

1985 అంటే మనకి కారంచేడు. ఆ జులైలో చిందిన నెత్తురు మన ఉద్యమానికి దారి చూపింది. అదే ఏడాది సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా మన రాష్ట్రంలో ఇంకో మార్పు కూడా వచ్చింది. ఆ తేదీకి పెళ్లి కాని ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానమైన హక్కు ఇస్తూ 1986లో చట్టం చేశారు. మన పేటల్లో ఆ చట్టం గురించి ఎన్ని మీటింగులు పెట్టాం? 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర చట్టం పెళ్లయిన కూతుళ్లకి కూడా ఆ హక్కు ఇచ్చింది. అప్పటికి తండ్రి బతికి ఉన్నా లేకున్నా కూతురికి హక్కు ఉందని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో పంపకం అయిపోయి ఉంటే దాన్ని తిరగదోడరు. "ఎప్పుడో నోటిమాటగా పంచేసుకున్నాం" అంటే మాత్రం కోర్టు అంత తేలిగ్గా నమ్మదు.

లెక్క ఎలా ఉంటుందో చూడండి. 80 సెంట్ల భూమి. తండ్రి పోయాడు. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. అది తండ్రి స్వార్జితమైతే నలుగురికీ తలా 20 సెంట్లు. అదే తాతల నాటి ఉమ్మడి ఆస్తయితే ముందు తండ్రికి, ముగ్గురు పిల్లలకి కలిపి నాలుగు భాగాలు కట్టాలి. తండ్రి భాగం 20 సెంట్లు మళ్లీ భార్యకి, పిల్లలకి తలా 5. అంటే పిల్లలకి తలా 25 సెంట్లు, తల్లికి 5 సెంట్లే. ఆ చేలో నడుం వంచినామెకి దక్కేది అదీ. అందుకే ఆస్తి ఏ రకమో తేల్చుకోకుండా పంపకానికి కూర్చోవద్దు. తాత నుంచి వచ్చిందంతా చట్టం దృష్టిలో ఉమ్మడి ఆస్తి కాదు. పాత కాగితాలు వకీలుకి చూపించి తేల్చుకోవాలి.

ఇంకో సంగతి. మన పేటల్లో చర్చికి వెళ్లే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. క్రైస్తవులకి వర్తించేది 1925 భారత వారసత్వ చట్టం. అందులో భార్యకి మూడో వంతు, మిగిలింది పిల్లలందరికీ సమానం. కొడుకని ఎక్కువ లేదు, కూతురని తక్కువ లేదు. బౌద్ధం తీసుకున్నవాళ్లకి 1956 చట్టమే. ఏ చట్టం పట్టుకున్నా ఆడపిల్లని ఉత్త చేతులతో పంపించే దారి లేదు.

సరే, అక్క తన వాటా తమ్ముడికి ఇస్తానంటుంది అనుకుందాం. మనస్ఫూర్తిగా ఇస్తానంటే వద్దనడానికి మేమెవరం? కాని ఇచ్చే పద్ధతి ఉంది. 100 రూపాయలు, అంతకు మించి విలువ చేసే స్థిరాస్తిలో హక్కు కాగితం మీద చేతులు మారాలంటే ఆ కాగితం రిజిస్టరు కావాలి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెప్పే మాట ఇది. 100 రూపాయలకి మన భూమిలో సెంటు మాట అలా ఉంచండి, గుప్పెడు మట్టి కూడా రాదు. అంటే అన్నీ రిజిస్టరు కావలసిందే.

దారులు నాలుగున్నాయి. ఎవరి భాగం వాళ్లకి హద్దులతో విడదీస్తే అది భాగ పరిష్కార దస్తావేజు. ఒకరు తమ హక్కు మిగతావాళ్లకి వదిలేస్తే అది విడుదల దస్తావేజు, రిలీజ్ డీడ్ అంటారు. సొమ్ము తీసుకోకుండా ప్రేమతో ఇస్తే దాన సెటిల్‌మెంటు. దానికి ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి, ఇచ్చేవాళ్లు బతికుండగానే పుచ్చుకునేవాళ్లు ఒప్పుకోవాలి. ధర కట్టి తోబుట్టువుకే అమ్మితే క్రయ దస్తావేజు. ఈ నాలుగింటికీ స్టాంపు ఖర్చు వేరువేరుగా ఉంటుంది, మారుతూ ఉంటుంది. డాక్యుమెంటు రైటరు చెప్పిన అంకె నమ్మి డబ్బు లెక్కపెట్టకండి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రేట్ల పట్టిక అడిగి చూడండి.

ఇక్కడో మెలిక ఉంది. ఉమ్మడి కుటుంబంలో పంచుకోని వాటాని మిగతా భాగస్తుల ఒప్పుదల లేకుండా దానం ఇస్తే చెల్లదు. మన రాష్ట్రం నుంచే వెళ్లిన తమ్మా వెంకటసుబ్బమ్మ కేసులో 1987లో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. అందులో ఒకాయన తన వాటాని తోడబుట్టినవాడి పేర సెటిల్‌మెంటు రాసేశాడు. ఆయన పోయాక భార్య కోర్టుకెక్కింది. కోర్టు ఆ కాగితాన్ని దానంగా కాకుండా మిగతా భాగస్తులకి హక్కు వదులుకున్నట్టు లెక్కగట్టింది. ఆ వితంతువు ఓడిపోయింది. కాగితం మీద పేరు ఒకటి, చట్టంలో దాని బలం ఇంకొకటి అని దీన్నిబట్టి తెలుస్తుంది. ఒక తమ్ముడికే ఇవ్వాలనుకున్న అక్క విడుదల కాగితం రాస్తే అది అందరికీ పోవచ్చు. కాబట్టి ముందు పంపకం చేసుకుని, ఎవరి భాగం వాళ్ల పేర ఎక్కించుకుని, ఆ తర్వాత ఇవ్వదలుచుకున్నవాళ్లకి ఇవ్వడం అన్నిటికంటే క్షేమం.

జి.పి.ఏ. రాయించుకుని "ఇక భూమి మాదే" అనుకునేవాళ్లూ ఉన్నారు. పవరాఫ్ అటార్నీతో హక్కు మారదని 2011లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. పాస్‌బుక్కులో పెద్దన్న పేరు ఒక్కటే ఎక్కినంత మాత్రాన మిగతావాళ్ల వాటా కూడా పోదు. రెవెన్యూ రికార్డు వేరు, హక్కు వేరు. అలాగని రికార్డుని వదిలేయకూడదు. దస్తావేజు అయ్యాక తహసీల్దారుకి రాతపూర్వకంగా అర్జీ పెట్టి 1-బిలో, అడంగల్‌లో పేర్లు మార్పించుకోవాలి. 1971 నాటి పాస్‌బుక్కుల చట్టం దీనికి 90 రోజులు చెప్పింది. ఫ్యాక్టరీకో రోడ్డుకో భూమి తీసుకున్న రోజున నష్టపరిహారం చెక్కు ముందు వెతుక్కునేది రికార్డులో ఉన్న పేరునే. పేరు లేని చెల్లెలు ఆఫీసుల చుట్టూ తిరగాలి.

మనలో చాలామందికి ఉన్నది డి-పట్టా భూమి. దీని సంగతి వేరు. 1977 చట్టం ప్రకారం ఈ భూమి వారసులకి వస్తుంది గాని చేతులు మార్చడానికి లేదు. అమ్మకం ఒక్కటే కాదు, దానం కూడా ఆ నిషేధంలోకే వస్తుంది. వీలునామా రాదు. కాబట్టి డి-పట్టాలో అక్క వాటా తమ్ముడికి సెటిల్‌మెంటు రాయిస్తామని తిప్పే రైటర్లని నమ్మకండి. వారసులందరి పేర్లూ ఎక్కించమని అర్జీ పెట్టండి. 2023లో సవరణ తెచ్చి 20 ఏళ్లు దాటిన సాగు భూమిని అమ్ముకోవచ్చన్నారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ ఫ్రీహోల్డ్ భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టారు. ఈ గందరగోళంలో పావు ధరకి అగ్రిమెంట్లు రాయించుకునే గద్దలు తిరుగుతున్నాయి. మీ సర్వే నంబరు 22-ఏ నిషేధ జాబితాలో ఉందో లేదో చూసుకోకుండా ఎక్కడా వేలు పెట్టకండి.

ముసలి తల్లి సంగతి చెప్పకపోతే ఈ రాత పూర్తికాదు. మొగుడు పోయిన నెలలోనే తల్లి వాటా కొడుకులు రాయించేసుకుంటారు. ఆ తర్వాత ఆమె కంచం ఏ ఇంట్లో పెట్టాలన్నది తగువవుతుంది. అమ్మా, రాసే ముందు ఆలోచించు. రాస్తే "నన్ను చూసుకోవాలి" అన్న షరతు దస్తావేజులోనే రాయించు. 60 ఏళ్లు దాటినవాళ్లు అలాంటి షరతుతో ఇచ్చాక చూడకపోతే, 2007 వృద్ధుల సంరక్షణ చట్టం 23వ సెక్షను కింద ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టి ఆ దస్తావేజు రద్దు చేయించుకోవచ్చు. షరతు నోటిమాటగా ఉంటే పోరాటం కష్టమవుతుంది. ఇంకా మంచి మాట ఏమిటంటే, బతికున్నంతకాలం నీ సెంట్లు నీ పేరే ఉండనీ.

ఇప్పుడు అసలు మాటకి వద్దాం. చెల్లెల్ని మోసం చేస్తే చెల్లెలికే నష్టమని అన్నలు అనుకుంటున్నారు. కాదు. బ్రోకరు ఏం చేస్తాడంటే, ముందు వాటా దక్కని చెల్లెల్ని వెతుక్కుంటూ వెళ్తాడు. ఆమె కడుపుమంట చూసి, నాలుగు డబ్బులు చేతిలో పెట్టి, ఆమె వాటా కొనేస్తాడు. ఆ తర్వాత పంపకం దావా వేస్తాడు. దావా ఖర్చు భరించలేక అన్నదమ్ములు కూడా అడిగిన ధరకి అమ్ముకుని పోతారు. 20 సెంట్ల చిల్లులోంచి 80 సెంట్లూ జారిపోతాయి. తెల్లకాగితం చెల్లెలికి అన్యాయం చేస్తుంది, అన్నకి రక్షణా ఇవ్వదు.

దీనికి చట్టంలో కొంత అడ్డు ఉంది. వీలునామా లేకుండా వచ్చిన ఆస్తిలో ఒక వారసురాలు తన వాటా బయటివాళ్లకి అమ్మబోతే మిగతా వారసులకి ముందుగా కొనే హక్కు ఉంది. 1956 చట్టం 22వ సెక్షను అది. సాగు భూమికి కూడా వర్తిస్తుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. ఉమ్మడిగా కాపురమున్న ఇంట్లో బయటివాడు వాటా కొని పంపకం దావా వేస్తే, ఆ వాటాని ధర కట్టి తిరిగి తీసుకునే వీలు 1893 నాటి పంపకాల చట్టంలో ఉంది. కాని ధర కట్టే మనసుంటే ఆ ధర ఏదో ముందే చెల్లెలికి కట్టొచ్చు కదా?

"ఉన్నదే అరెకరం. ముక్కలు సేస్తే ఎవుడికి సాలుద్ది?" అని అడుగుతారు. నిజమే, చిన్న కమతాల బాధ నిజం. 1918లోనే అంబేద్కర్ మన దేశపు చిన్న కమతాల మీద ఒక పరిశోధన వ్యాసం రాశారు. కమతం చిన్నదా పెద్దదా అన్నదే అసలు రోగం కాదు, దాని మీద పెట్టడానికి పెట్టుబడి, పనిముట్లు లేకపోవడం, భూమి మీద ఆధారపడ్డ జనం ఎక్కువ కావడం రోగమని తేల్చారు. మరి మనం చేస్తున్న వైద్యమేమిటి? పెట్టుబడి అడగం, పరిశ్రమల్లో ఉద్యోగం అడగం, చెల్లెలి కడుపు కొట్టి కమతం పెద్దది చేసుకుంటాం. ఇద్దరన్నదమ్ములు పంచుకుంటే ముక్కలు కావా? చెల్లెలి పేరొస్తేనే అవుతాయా? హక్కు ఎవరిది వాళ్లకి రాసుకుని సాగు కలిపి చేసుకోవచ్చు. చెల్లెలి సెంట్లు అన్న కౌలుకి చేసి ఏడాదికింత అని ఇవ్వొచ్చు. పట్టా భూమికి దీన్ని ఏ చట్టమూ అడ్డుకోదు.

"పెళ్లికి కట్నం ఇచ్చాం" అని ఇంకో మాట. కట్నం ఇచ్చింది అల్లుడికి. వాటా కూతురిది. 1961 నుంచి కట్నం నేరం. నేరం చేసి, ఆ నేరాన్నే రసీదుగా చూపిస్తామా?

అందుకే సంఘాలకి, పేట పెద్దలకి, చదువుకున్న పిల్లలకి మేము కొన్ని పనులు చెబుతున్నాం. ఏ పేటలోనైనా పంపకానికి కూర్చుంటే అక్కచెల్లెళ్లని, తల్లిని పక్కన కాదు, మధ్యలో కూర్చోబెట్టండి. తహసీల్దారు ఆఫీసు నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకునేటప్పుడు ఆడపిల్లల పేర్లు తీసేయించకండి. తీసేస్తే మీరే అడ్డుపడండి. ఏ కాగితమైనా సంతకానికి ముందు నలుగురి ముందు పైకి చదివి వినిపించండి. ఆ చదివేది వాటా రాయించుకునేవాడు కాకూడదు. వాటా వదులుకునేవాళ్లకి ఆ రోజు ధర ఎంతో చెప్పండి. తెలిసి ఇస్తే అది దానం. తెలియకుండా తీసుకుంటే అది దొంగతనం.

అక్కల్లారా, చెల్లెల్లారా, మీకూ ఒక మాట. మోసం చేసి రాయించుకున్న దస్తావేజు రద్దుకి, ఆ సంగతి తెలిసిన నాటి నుంచి 3 ఏళ్లే గడువు. ఉమ్మడి ఆస్తిలో మిమ్మల్ని వాటా లేకుండా తప్పించారని తెలిసిన నాటి నుంచి పంపకం దావాకి 12 ఏళ్లు. ఊరుకుంటే కాలం అన్నల వైపు నడుస్తుంది. వకీలుకి డబ్బుల్లేవని ఆగకండి. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకి, ఆడవాళ్లందరికీ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని పెడతారు. కోర్టు ఆవరణలో న్యాయసేవల కమిటీ ఆఫీసు ఎక్కడుందో అడిగి వెళ్లండి. కోర్టుకెక్కితే పుట్టింటి గడప మూసుకుపోతుందని భయముంటే లోక్ అదాలత్‌లో కూర్చుని తేల్చుకునే దారీ ఉంది.

మా ఇంటి కథ చివర ఏమైందని అడుగుతారు. పాత కాగితం అక్క ముందే చింపేశాం. నలుగురం సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్లి భాగ పరిష్కారం రిజిస్టరు చేయించుకున్నాం. అమ్మకి 20, అన్నయ్యకి 20, మాకు 20, అక్కకి 20. అక్క తన దాంట్లో 10 సెంట్లు ఊళ్లో నడుస్తున్న ధరకే మాకు అమ్మింది. తమ్ముడని తగ్గించలేదు. తగ్గించమని మేమూ అడగలేదు. ఆ డబ్బుతో మేనకోడలు నర్సింగు చదువుతోంది. మిగతా 10 సెంట్ల గట్టు మీద అక్క నాలుగు కొబ్బరి మొక్కలు వేసింది. రిజిస్ట్రేషను రోజున వేలిముద్ర వద్దని, కూతురి దగ్గర నేర్చుకుని వంకర టింకరగా తన పేరు తనే రాసింది. మేము చదివిన డిగ్రీ కంటే ఆ సంతకం పెద్దది.

ఊరి భూమిలో మన వాటా అడిగే నోటితోనే మన ఇంట్లో ఆడవాళ్ల వాటా చెప్పాలి. ఈ పక్షం రోజుల్లో ప్రతి పేటలో ఒక్క ఇంటి కాగితాలు బయటికి తీసి, అందులో ఎవరి పేరు లేదో చూడండి. పని అక్కడ మొదలుపెడదాం.